బూజు పట్టినా బుడ్డలే కదా

పోయిన కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషెకి, అదే వేరుశెనగకాయల జాతరకి, వెళ్ళి మూడు సేర్ల బుడ్డలు కొన్నాం. బెంగళూరు వానలన్నీ అటక మీదే గడిపిన ఆ సంచి మొన్న కిందికి దిగింది. విప్పితే కాయల మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన సన్నటి పొడి. పారేస్తానన్నాను.

"పారేసేదేంది నాయనా? తినే సొత్తు!" అంటూ మా అత్తగారు చేట ముందేసుకున్నారు. కర్నూలు మనిషి, కరువు చూసిన చెయ్యి.

ఆవిడ గ్రేడింగ్ ముందు ఏ ల్యాబూ పనికిరాదు. మచ్చలేనివి వేయించడానికి. మచ్చ పడ్డవి చట్నీకి. ముడతలు పడి చేదెక్కినవి బెల్లం ఉండలకి, పాకంలో చేదు తెలీదు కాబట్టి. బొత్తిగా నల్లబడ్డవి పాలాయన ఆవుకి.

ఈ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, అది చేసే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వెతగ్గా వెతగ్గా అవి తిన్న వేరుశెనగ పిండిలో బయటపడింది. పాపం, వాటికి ఏరిపెట్టే అత్తగారు లేరు. మనుషులకి ఇది లివర్ క్యాన్సర్ తెస్తుంది. ఒంట్లో హెపటైటిస్-బి కూడా ఉంటే దీని బలం సుమారు 30 రెట్లు. "బాగా వేయిస్తే పోతాదిలే" అన్నారు అత్తగారు. మన బాణలి వేడికి అది పూర్తిగా పోదు.

షాంఘై దగ్గర చీడోంగ్‌లో జనం ఇదే బూజు పట్టే మొక్కజొన్న తగ్గించి బియ్యానికి మారాక లివర్ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి. ఇంత బూజుకే తిండి మార్చుకున్నారంటే వాళ్ళకి పట్టుదల తక్కువనే చెప్పాలి. యూరప్ వాళ్ళయితే మరీ సుకుమారులు. నేరుగా తినే పల్లీల్లో అఫ్లాటాక్సిన్ కిలోకి 4 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోరు. మనకి 10 దాకా చెల్లుతుంది. మన లివర్ మీద మనవాళ్ళకున్న నమ్మకం చూస్తే కళ్ళు చెమరుస్తాయి.

సాయంత్రం పాలాయన వచ్చి నల్లబుడ్డల సంచి పట్టుకెళ్ళాడు. ఆవు మేసిన అఫ్లాటాక్సిన్ రోజు తిరక్కుండానే వేషం మార్చుకుని పాలల్లోకి దిగుతుంది. మర్నాడు కాఫీ చిక్కగా కుదిరిందని అత్తగారు నాకు రెండో గ్లాసు కూడా పోశారు.

"చూస్తివా నాయనా, ఒక్క బుడ్డ కూడా వృథా పోలేదు."