తిరుపతి పోతదా?

నల్లగొండలో చిన్న ఎలక్ట్రిక్ కారు కొన్నవాడికి గడియారం సెంటర్‌లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే. తిరుపతి పోతదా? ఎంతకు పడ్డది, ఎన్ని గంటలు ఛార్జింగ్ పెట్టాలె, బ్యాటరీ పోతే ఏం జేస్తవ్, ఇవన్నీ ఆ తర్వాత. పది నెలల కింద మా ఇంటి ముందుకు అలాంటి బండి ఒకటి వచ్చిన నాటి నుంచి ఈ ప్రశ్న చాయ్ హోటల్లో విన్నాను, బారసాలలో విన్నాను, ఒకసారి దినాల భోజనాల బంతిలో, పోయినాయన ఫొటో దండతో సహా మమ్మల్ని చూస్తుండగా విన్నాను. ప్రజల్లో ఇంత ఆందోళన ఉన్న విషయం మీద సర్కారు ఒక విచారణ కమిషన్ వెయ్యాలి. వెయ్యలేదు. అందుకని నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకుని, గడువు మూడుసార్లు పొడిగించుకుని, ఈ నివేదిక సమర్పిస్తున్నాను.

మొదటి సాక్షి మా మేనమామ. సర్కారు కొలువు చేసి రిటైరయ్యాడు. ఆయన వాంగ్మూలం ప్రకారం తిరుపతి పోలేనిది కారే కాదు. "నాలుగు వందల కిలోమీటర్ల పైన ఉంటది అల్లుడా. నీ బండి సగం తొవ్వల కూసుంటది. అప్పుడేం జేస్తవ్? దేవుడే కొండ దిగి నీ కాడికొస్తడా?" కమిషన్ ఎదురు ప్రశ్న వేసింది: మామా, నువ్వు రోజుకు ఎంత దూరం తిరుగుతవ్? రామగిరి నుంచి ప్రకాశం బజారు, అక్కడి నుంచి చాయ్ హోటలు, మళ్లీ రామగిరి. ఎంత సాగదీసినా ఐదు కిలోమీటర్లు దాటలేదు. ఆ ఐదు కిలోమీటర్లకు ఆయన దగ్గర ఏడుగురు పట్టే డీజిల్ బండి ఉంది. అది స్టార్టయినప్పుడల్లా, ఇద్దరి అన్నానికి పెళ్లి గుండిగ పొయ్యి మీదికి ఎక్కించినట్టే ఉంటుంది నాకు.

ఈ ఏడాది, 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని చెప్పి చూశాను. మామ ముఖం ఇంకా ముడుచుకుంది. "ట్యాక్స్ లేదంటే దాంట్ల ఏదో ఉన్నట్టే." సర్కారు వసూలు చెయ్యనిది ఏదైనా ఆయనకు అనుమానమే.

పరువు సంగతి కూడా కమిషన్ దృష్టికి వచ్చింది. 2023లో వచ్చిన ఎంజీ కామెట్ ఎలక్ట్రిక్ కారు నిడివి 2,974 మిల్లీమీటర్లు. పోచంపల్లి చీర ఐదున్నర మీటర్లు. చీరను పొడవునా పరిచి పక్కన బండి ఆపితే, బండి అయిపోయాక కూడా కొంగంతా మిగిలే ఉంటుంది. తలుపులు రెండే. వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. డెబ్బై దాటిన పెద్దమ్మను అందులోకి పంపడమంటే బోరులోకి మోటరు దింపడమే, దింపిన దానికన్నా బయటికి తీసేటప్పుడే ఎక్కువమంది కావాలి. అంతకు ముందు ఏడాది వచ్చిన టియాగో ఈవీకి నాలుగు తలుపులూ ఉన్నాయి, వెనక డిక్కీ ఉంది, చూడటానికి మామూలు కారులాగే ఉంటుంది. అది దానికో లోపమైంది. ఇంత డబ్బు పెట్టి మామూలు కారులాగ కనిపిస్తే ఏం లాభమని మా బావమరిది అడిగాడు. చిన్నగా ఉంటే నవ్వుతారు, పెద్దగా ఉంటే గుర్తుపట్టరు. 2009లో లక్ష రూపాయల కారని పేరు పెట్టి నానోను దింపితే, చౌక బండిలో తిరుగుతున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని జనం అదనంగా అప్పు చేసి వేరే కార్లు కొన్నారు. ఆ జాతి వాళ్లం మనం. నా బండి ఏదో మాత్రం చెప్పను.

ఇక అసలు వివాదం కరెంటు మీటరు దగ్గర మొదలైంది.

తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 2024 మార్చి నుంచి మా ఇంటికి జీరో బిల్లు వస్తోంది. (రేషన్ కార్డు అమ్మ పేరు మీద, మీటరు నాన్న పేరు మీద, కారు నా పేరు మీద ఉన్నాయి. ఈ అంశంలోకి కమిషన్ లోతుగా వెళ్లదలచుకోలేదు.) 200 దాటితే దాటిన ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొదటి యూనిట్ నుంచీ లెక్క కడతారు. రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగే చిన్న బండి, ఛార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకుని, నెలకు వంద యూనిట్లు అటూ ఇటూగా తాగుతుంది. ఇల్లు నూట ముప్ఫై కాలుస్తుంది. కారు వచ్చిన మొదటి నెలే పన్నెండొందల చిల్లర బిల్లు వచ్చింది.

ఆ తొమ్మిది వందల కిలోమీటర్లే పెట్రోలు బండిలో తిరిగితే, లీటరుకు పదిహేను చొప్పున అరవై లీటర్లు. లీటరు అప్పటి 107 రూపాయల లెక్కన ఆరు వేల నాలుగు వందలు. అంటే ఐదు వేలు మిగిలాయి. కాగితం మీద రాసి అమ్మకు చూపించాను. అమ్మ కాగితం చూడలేదు, బిల్లు చూసింది. "రెండేండ్ల సంది సున్న వస్తున్న ఇంటికి పన్నెండొందలు తెచ్చినవ్" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మన దగ్గర పెట్రోలు బంకులో ఇచ్చేది ఖర్చు కిందికి రాదు. అది తొవ్వ ఖర్చు, గాలిలాంటిది, ఎవడూ లెక్క రాయడు. కరెంటు బిల్లు ఇంటి గౌరవం.

ఆ రోజు నుంచి ఇంట్లో అత్యవసర పరిస్థితి అమల్లోకి వచ్చింది. ఇస్త్రీపెట్టె బీరువాలోకి పోయింది. గీజరు మీద నాన్న చేత్తో "వద్దు" అని రాసి అంటించాడు. పొద్దున లేచి పంచాంగం చూసే మనిషి ఇప్పుడు మీటరు చూసి, తిథి చెప్పినట్టు చెబుతాడు: "ఇయ్యాల నూట అరవై నాలుగు." రీడింగ్ తీసే మనిషి వచ్చే ముందు నాలుగైదు రోజులు కారు ఉపవాసం. ఆ రోజుల్లో నేను స్కూటర్ మీద పోతాను, దాంట్లో పెట్రోలు పోయించుకుని.

మా మామ ఇక్కడ కూడా ఒక పరిష్కారం సూచించాడు. "బాయికాడ ఇరవై నాలుగు గంటలు ఉచిత కరెంటే గదా. స్టార్టరు డబ్బా పక్కన గుచ్చి పెట్టు. అడిగితే పంట కిందికి రాయించు." పొలం పట్నానికి ముప్ఫై కిలోమీటర్లు. ఛార్జింగ్ పెట్టుకోవడానికి ముప్ఫై పోయి, ముప్ఫై రావాలి. ఉచితం కోసం మనిషి ఎంత ఖర్చయినా పెడతాడన్నది కమిషన్‌కు ముందే తెలిసిన విషయం కాబట్టి దీనిని ఆశ్చర్యం లేకుండా రికార్డు చేసింది.

ఎర్తింగు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే షోరూంలో ఎవరూ చెప్పరు. ఇంటి ఎర్తింగు సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్ర లైటు పెట్టి మొరాయిస్తుంది. మన ఎండాకాలం నేల ఎట్లా ఎండుతుందో తెలుసు. గుంత ఎండితే ఎర్తు అందదు. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి, రోజూ నీళ్లు పొయ్యమన్నాడు. ఇప్పుడు మా అమ్మ పొద్దున్నే తులసికోటకు ఒక చెంబు, ఎర్తింగు గుంతకు ఒక బిందె పోస్తుంది. ఏప్రిల్‌లో రెండింటికీ బొట్టు కూడా పెట్టింది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ పొద్దంతా కదలదని ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తారు. 3.3 కిలోవాట్ల ఛార్జర్ పెట్టుకుని, అద్దం ముందున్న శాతం అంకెనే చూస్తూ కూర్చుంటే ఆ అద్భుతం ఇంట్లోనే దొరుకుతుంది. కామెట్ లాంటి 17.3 యూనిట్ల చిన్న బ్యాటరీ నిండటానికే ఏడు గంటలు. రాత్రి గుచ్చి పడుకున్నవాడికి ఇది కష్టమే కాదు. నిలబడి చూసేవాడికే కష్టం. మా నాన్న నిలబడి చూస్తాడు.

నిజమైన లోపం హైదరాబాద్. పోను వంద, రాను వంద. కంపెనీలు చెప్పే రేంజి ప్రయోగశాలలో, నెమ్మదిగా, ఏసీ లేకుండా తేల్చిన లెక్క. మే నెలలో తొంభై వేగంతో హైవే మీద పోయే సంసారం లెక్క వేరు. మేం ఒక పెళ్లికి బయల్దేరి ఎల్బీనగర్ చేరేసరికి 42 శాతం మిగిలింది. ఛార్జింగ్ పాయింట్లు వెతికాం. మొదటిదాని తెర చీకటి. రెండోదాని ముందు నీడ ఉందని ఎవరో డీజిల్ కారు పెట్టుకుని పోయారు. మూడోదానికి వేరే యాప్ కావాలంది, యాప్ ఓటీపీ పంపింది, ఓటీపీ మా అబ్బాయి ఫోనుకు పోయింది, అబ్బాయి కాలేజీలో పరీక్ష రాస్తున్నాడు. చివరికి చుట్టాలింట్లో నాలుగు గంటలు పెట్టుకుని, పెళ్లికొడుకు ముఖం చూడకుండా అక్షింతలు పంపించి, వాపసు బయల్దేరాం. చౌటుప్పల్ దాటాక ఏసీ ఆపాను. చిట్యాలలో మా ఆవిడ నోరు తెరిచింది: "కారు కొన్నమా, ఇస్త్రీపెట్టె కొన్నమా?" ఉన్న ఇస్త్రీపెట్టె బీరువాలో ఉందని గుర్తు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటి నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సే. మహాలక్ష్మి పథకం వల్ల ఆమెకు టికెట్ లేదు, నాకొక్కడికే. ఉచితంతో పోటీ పడే కారు ఇంకా తయారు కాలేదు.

మెకానిక్ సాక్ష్యం చిన్నది. ఒకరోజు బండి లేవలేదు. పెద్ద బ్యాటరీ 80 శాతం నిండే ఉంది, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పడుకుంది. గుమ్మి నిండా వడ్లున్నాయి, తాళంచెవి పోయిందన్నమాట. తెలిసిన మెకానిక్‌ను పిలిచాను. బానెట్ లేపి, ఇంజన్ ఉండాల్సిన చోటు చూసి, చావింటికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి "ఆయిల్ ఎప్పుడు మార్చాలె అన్నా?" అన్నాడు. ఆయిల్ లేదన్నాను. "క్లచ్చు?" లేదు. "ప్లగ్గులు?" లేవు. "మరి మేమెట్ల బతకాలె?" పది నెలల విచారణలో కమిషన్ జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న ఇదొక్కటే.

వరికోతలప్పుడు ఊరి రోడ్డు సగం వడ్లదే. ఆరబోసుకున్నవాళ్లు చప్పుడును బట్టి లేస్తారు. నా బండికి చప్పుడు లేదు. కుప్ప మీద కునుకు తీస్తున్న ముసలాయన పక్కకు పోయి ఆగితే, కళ్లు తెరిచి, కారును కాదు నన్ను చూసి, "నూకుకుంట వచ్చినవా బిడ్డా?" అని జాలిపడ్డాడు.

నివేదిక ఇంతటితో ముగిసేదే. కానీ పోయిన వారం మామ ఫోన్ చేశాడు. మొక్కు ఉందట, అత్తమ్మతో తిరుపతి పోతున్నాడట. డీజిల్ బండి బయటికి తీస్తున్నాడు కాబోలనుకున్నా. "పిచ్చోడివా? ఇంత దూరం ఎవడు నడుపుతడు? నారాయణాద్రికి రిజర్వేషన్ అయింది. ఎన్నో ఏండ్ల సంది అదే తరీక. నువ్వొచ్చి జర స్టేషన్ల దింపు. మా బండి అక్కడ ఎవరి మీద నమ్మకంతో వదిలిపెడ్తం?"

వెనక సీటు వంచి రెండు సూట్‌కేసులు, పులిహోర డబ్బా పెట్టాం. సీటు మిగిలిన సగంలో అత్తమ్మ. స్టేషన్ మూడు కిలోమీటర్లు. మామ దారంతా ఏసీ తన వైపు తిప్పుకుని, బాగానే చల్లగున్నదన్నాడు. ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చేసింది, ఎక్కేసి, కిటికీలోంచి చెయ్యి ఊపి, ఏదో గుర్తొచ్చినట్టు అరిచాడు: "వాపసు తెల్లారకముందే దిగుతం అల్లుడా! రాత్రే ఛార్జింగ్ వెట్టుకో!"

ఇంటికొచ్చేసరికి నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు. నూట తొంభై ఒకటి. రీడింగుకు ఇంకా మూడు రోజులు.