తింటూ కూకుంటే మందులెవులిస్తారు?

ఈరోజు మధ్యాహ్నం మూడున్నరకి క్యారేజీ తెరిచాను. పెరుగన్నం, పక్కన ఆవకాయ ముక్క. పొద్దున్న ఎనిమిదిన్నరకి షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి ఒక్కసారి కూర్చోలేదు. రెండో ముద్ద నోట్లో పెట్టానో లేదో, ఒకాయన రూపాయి బిళ్లతో కౌంటర్ అద్దం మీద టకటకా కొట్టాడు. "ఏటమ్మా, మీరు తింటూ కూకుంటే మందులెవులిస్తారు?"

చెయ్యి కడుక్కుని వచ్చాను. ఆయనకి కావల్సింది నాలుగు గ్యాస్ మాత్రలు. ఫోన్‌లో నెట్ రావట్లేదని అవీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. నేను మళ్లీ క్యారేజీ మూత తీసేసరికి రాత్రి తొమ్మిది. పెరుగు పులిసిపోయింది.

అన్నం గురించి కాదు నా గోల. అరలోంచి స్ట్రిప్ తీసి కత్తెరతో కత్తిరించడమే మా ఫార్మసిస్టుల పని అనుకుంటారు చూడండి, అదీ మంట. పోయిన నెల ఒక ముసలమ్మ కీళ్లవాతం చీటీ తెచ్చింది. మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. చీటీలో మాత్రం రోజూ ఒకటి అన్నట్టుంది. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషే పోవచ్చు. డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. "డాక్టర్ నువ్వా, నేనా?" అని పెట్టేశారు. పది నిమిషాలకి కాంపౌండర్‌తో కబురు: "వారానికి ఒకటేనట, ఇచ్చీండి." అంతే. ఈలోపు ముసలమ్మ నన్నే తిట్టింది, "ఇంత ఆలీసమేటే, సాలూరు బస్సు ఎల్లిపోతాది" అని. ఆవిడ మీద నాకు కోపం లేదు. లేదనే అనుకుంటున్నాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. స్ట్రిప్ మీద పాత ధర, బిల్లులో కొత్త ధర. వచ్చినవాళ్లందరికీ ఆ లెక్క విప్పి చెప్పింది ఎవరు, ఆర్థిక మంత్రిగారా? సరిగ్గా మూడు రోజులకి సెప్టెంబర్ 25, ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం. మా ఓనరుగారు వాట్సాప్‌లో పూలగుత్తి పెట్టారు. కింద నేను ఒక్కరోజు సెలవు అడిగాను. బ్లూ టిక్ పడింది, జవాబు ఇంకా రాలేదు.

పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను మా షాపు ముందునుంచే కోటకి మూడుసార్లు వెళ్లొస్తుంది. ఊళ్లోవాళ్లంతా దండం పెట్టుకుంటుంటే నేను ఆ మూడుసార్లూ లోపల ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీస్తూనే ఉన్నాను. విజయనగరంలో పుట్టి పెరిగి!

మా అక్క స్టాఫ్ నర్సు. వరసగా మూడు నైట్‌లు చేసి ఇంటికొచ్చి, స్టవ్ మీద పాలు పెట్టి, నిలబడే నిద్రపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే బర్నవుట్, అదే మనిషి పూర్తిగా అలిసి డీలాపడిపోవడం, పని వల్ల వచ్చేదని చెప్పిందే అంటే, "అదేదో డబ్బున్నోళ్లకి వచ్చేదిలే" అని మాడిన గిన్నె తోముకుంది.

అసలు మాకు ఈ గతి పట్టించింది బయటివాళ్లు కాదు, మావాళ్లే. నాతో డీ ఫార్మసీ చదివిన ఒకావిడ హైదరాబాద్‌లో కాపురం. ఆవిడ సర్టిఫికెట్ మాత్రం ఇక్కడే ఒక షాపు గోడకి ఫ్రేమ్‌లో వేలాడుతోంది, నెలనెలా అద్దె తెస్తోంది. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలి. అక్కడ ఇస్తున్నది పది తప్పిన కుర్రాడు. మొన్న జీతం పెంచమని అడిగితే మా ఓనరుగారు ఎంతో నెమ్మదిగా, "మనిషెందుకమ్మా, ఐదారు వేలు పడేస్తే కాగితం దొరుకుతుంది కదా" అన్నారు. కాగితానికి కాళ్లు లాగవు, ఆకలీ వెయ్యదు, సిరిమానుకి సెలవూ అక్కర్లేదు.

చూస్తూ ఉండండి, ఈ పోస్టుకి మొదటి లైక్ ఆ సర్టిఫికెట్ ఆవిడదే.