నీతి సరే, ఖర్చు ఎవరిది?

"మనుషులు మంచిగా ఉంటే చాలు, సమాజం దానంతట అదే బాగుపడుతుంది" అనే మాట ఎక్కడ కనిపించినా నాకు చిరాకే. అబద్ధమాడకు, అవసరానికి మించి వాడకు, పక్కవాణ్ని ముంచకు. ఎవరు కాదన్నారు? ఏ మతం పెద్దనడిగినా, ఏ అమ్మమ్మనడిగినా చెప్పేది ఇదే. అయినా నీళ్లు అడుగంటుతూనే ఉన్నాయి, గాలి పాడవుతూనే ఉంది, ఉన్నవాడు లేనివాడి మీద ఎక్కుతూనే ఉన్నాడు. నీతులు తెలియక ఇలా అయ్యామంటే నేను నమ్మను. ఏ నీతి ఎవరి ఖర్చుతో నడుస్తోందో లెక్క తీసే అలవాటు మనకి లేదు. అసలు గొడవంతా అక్కడే.

1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చిక బయలు ఒకటి ఉందనుకోండి. ఇంకో పశువును తోలితే వచ్చే లాభం ఆ కాపరిదే, తరిగిన గడ్డి నష్టం మాత్రం అందరి మీదా పడుతుంది. దాంతో ప్రతివాడూ ఇంకొకటి, ఇంకొకటి అంటూ తోలుతాడు. చివరికి బయలు బోడిగా మిగులుతుంది. తిలా పాపం తలా పిడికెడు. ఇంతవరకు అందరికీ గుర్తుంది. అదే వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది: మనస్సాక్షికి విజ్ఞప్తి చేసి ఉమ్మడి వనరుల్ని కాపాడలేం అంటాడు. సిగ్గున్నవాడు పక్కకు తప్పుకుంటే సిగ్గులేనివాడు ఆ ఖాళీలోకి కూడా దూరతాడు. మంచివాడి త్యాగం చెడ్డవాడికి సబ్సిడీ అవుతుందన్నమాట. హార్డిన్‌తో నాకు చాలా పేచీలున్నాయి. పేద దేశాలకి సాయం చేయకూడదని ఆయన తర్వాత రాసింది చదివితే ఒళ్లు మండుతుంది. అయినా ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన్ని కొట్టిపారేయలేను.

ఆయనకి సరైన జవాబు ఎలినార్ ఆస్ట్రమ్ ఇచ్చారు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ, 2009లో. ఉమ్మడి ఆస్తిని ప్రభుత్వం లాక్కోనక్కర్లేదు, ప్రైవేటుకి అమ్మేయనక్కర్లేదు, వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని తరతరాలు కాపాడుకున్న చోట్లు చాలా ఉన్నాయని ఆవిడ చూపించారు. వాటిలో స్విట్జర్లాండ్ కొండల్లోని టోర్బెల్ అనే ఊరు ఒకటి. అక్కడ 1517 నుంచి ఒక నియమం ఉంది: చలికాలమంతా నీ సొంత మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలవో, వేసవిలో అన్నిటినే ఉమ్మడి పచ్చికకు తోలాలి. దాటితే జరిమానా. జరిమానా వేసే అధికారికి అందులో సగం వాటా. నాకు బాగా నచ్చింది ఆ సగం వాటాయే. ఊళ్లోవాళ్లంతా ధర్మాత్ములని ఎవరూ అనుకోలేదు, ఆ అధికారి కూడా జీతం లేని పుణ్యాత్ముడని అనుకోలేదు. మనుషుల్ని మనుషులుగానే లెక్కేసుకుని నియమం పెట్టారు, కాబట్టి అది నిలబడింది.

సరిగ్గా ఈ చోట మన పర్యావరణ మిత్రులు చప్పట్లు కొట్టి ఆగిపోతారు. నాకు అసలు తగువు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అదే టోర్బెల్‌కి 1483 నాటి పత్రం ఒకటుంది. బయటి నుంచి వచ్చినవాడు ఊళ్లో భూమి కొనుక్కున్నా సరే, ఉమ్మడి పచ్చిక మీద గానీ అడవి మీద గానీ వాడికి హక్కు లేదని రాసుకున్నారు. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో మహిళలకి జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చిందే 1971లో. అంటే పచ్చిక వందల ఏళ్లు పచ్చగానే ఉంది, నియమాలు చక్కగానే నడిచాయి, కానీ ఆ నియమాల్లో మాటలేని మనుషులు కూడా అన్నాళ్లూ అలాగే ఉండిపోయారు. నిలకడ వేరు, న్యాయం వేరు. మనం మాత్రం 'న్యాయమైన, సుస్థిరమైన సమాజం' అని రెండింటినీ జంట కవుల్లా ఒకే ఊపిరిలో పలికేస్తాం, ఒకటి వస్తే రెండోది వెంటబడి వచ్చేస్తుందన్నట్టు. అన్యాయం కూడా చాలా సుస్థిరంగా ఉండగలదు. చరిత్రలో ఎక్కువ కాలం నిలబడ్డవి అవే కదా.

నీతిని జీవితంగా మార్చుకున్నవాళ్లైనా దీన్నుంచి తప్పించుకున్నారా అంటే, అదీ లేదు. అమెరికాలోని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లను చూడండి. ఆడంబరం లేని బతుకు, నిజాయితీ వ్యాపారం, యుద్ధం వద్దనే పట్టుదల. అయినా అప్పట్లో వాళ్లలో చాలామంది ఇళ్లలో బానిసలుండేవారు. 1688లో జర్మన్‌టౌన్‌లో నలుగురు కలిసి ఇది తప్పని ఒక విన్నపం రాశారు. క్వేకర్ల స్థానిక సమావేశం 'ఇది మా స్థాయికి మించిన విషయం' అని పై సమావేశానికి పంపింది. అది ఇంకా పైకి పంపింది. వార్షిక సమావేశం ఇప్పుడు తీర్పు చెప్పడం తగదని పక్కన పెట్టేసింది. (ఫైలు తిప్పడం అనే కళ మనం ఒక్కళ్లమే కనిపెట్టామని గర్వపడకండి.) బానిసల్ని ఉంచుకున్నవాడు మా సంఘంలో ఉండకూడదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తేల్చింది 1776లో. 88 ఏళ్లు! అంతకాలమూ వాళ్లు ప్రార్థనలు మానలేదు, తూకాల్లో మోసం చేయలేదు. తమ దృష్టిలో మంచివాళ్లుగానే బతికారు, మంచివాళ్లుగానే పోయారు.

ఆ మధ్యకాలంలో జాన్ వూల్మన్ అనే ఆయన ఉన్నాడు. కుర్రతనంలో యజమాని చెప్పాడని ఒక బానిస స్త్రీ అమ్మకం పత్రం తన చేత్తో రాశాడు. మనసు ఒప్పుకోలేదు. తర్వాత అలాంటి పత్రాలు రాయనని మొహం మీదే చెప్పేశాడు. సాటి క్వేకర్ల ఇళ్లకి వెళ్లి, కూర్చుని, ఓపిగ్గా మాట్లాడేవాడు. బానిసలున్న ఇంట్లో ఆతిథ్యం తీసుకోవాల్సి వస్తే, తనకి చేసిన పనికి ఆ బానిసలకి డబ్బు ముట్టేలా చూసేవాడు. ఉచిత ఆతిథ్యం అనేది నిజానికి ఉచితం కాదని, దాని ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతోందో ఆ ఇంటాయనకి డబ్బు రూపంలో చూపించడం అది. ఆయన 1772లోనే పోయాడు, ఆ నిర్ణయం చూడలేదు. నీతిగా బతకడమంటే నాకు ఆ డబ్బులు గుర్తొస్తాయి. అందరూ అలవాటుపడి చూడటం మానేసిన ఖర్చును బయటికి తీసి, ముందుగా తన జేబులోంచి కట్టడం. అక్కడితో ఆగకుండా, పదిమందిని కూర్చోబెట్టి అది సంఘం నియమం అయ్యేదాకా వదలకపోవడం. ఇందులో మొదటి సగం మాత్రమే చేసి ఫొటో పెట్టుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు.

ఆ ఫొటోల సంగతికే వద్దాం. 'సుస్థిర అభివృద్ధి' అంటే రాబోయే తరాల అవసరాలకి గండి కొట్టకుండా ఇప్పటి అవసరాలు తీర్చుకోవడం. ఇది 1987లో ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన బ్రుంట్‌లాండ్ నివేదిక నిర్వచనం, స్కూలు పిల్లలు కూడా అప్పజెప్పేస్తారు. దాని వెంటనే ఇంకో మాట ఉంటుంది: అవసరాలు అంటే ముఖ్యంగా ప్రపంచంలోని పేదల కనీస అవసరాలనీ, అన్నిటికన్నా ముందు చూడాల్సింది వాటినేననీ. ఆ ముక్కను కత్తిరించి పోస్టర్ వేసిందెవరో గానీ పని చాలా తెలివిగా చేశారు. 2019లో ప్రపంచంలో అత్యంత సంపన్నులైన 10 శాతం మందే దాదాపు సగం కర్బన ఉద్గారాలకి కారణమని ఆక్స్‌ఫామ్ లెక్క కట్టింది. పొదుపు పాఠాలు మాత్రం అద్దె ఇంట్లో ఒక ఫ్యాను కింద పడుకునేవాడికి. గురివింద గింజ అన్నా కాస్త నయం, అది ఎదురొచ్చి ఉపన్యాసం ఇవ్వదు.

అయితే జరిమానాలు గట్టిగా వేస్తే సరిపోతుందా? అదీ అంత తేలిక కాదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది పిల్లల సంరక్షణ కేంద్రాలతో చేసిన ప్రయోగం ఒకటి 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి కొన్నిచోట్ల చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. అంతకుముందు టీచరును కూర్చోబెట్టామే అన్న సంకోచం ఉండేది. జరిమానా వచ్చాక డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా ఆ సంకోచం తిరిగి రాలేదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. అందరికీ ఒకే జరిమానా అంటే డబ్బున్నవాడికి అది టికెట్, లేనివాడికి శిక్ష. ఫిన్లాండ్‌లో 1921 నుంచి ఆదాయాన్ని బట్టి జరిమానా వేసే పద్ధతి ఉంది. బాగా సంపాదించేవాడు మరీ వేగంగా కారు నడిపితే వాడికి నొప్పి తెలిసేంత కట్టాలి. అన్యాయమని ఏడ్చేవాళ్లు అక్కడా ఉన్నారట, ఏడవనివ్వండి.

"అయితే ఎవరి మటుకు వాళ్లు మంచిగా ఉండటం దండగంటావా?" అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. అలా అనలేదు. వూల్మన్ లాంటివాళ్లు లేకపోతే ఆ 88 ఏళ్లు ఇంకెన్నేళ్లయ్యేవో. నేననేది ఏమిటంటే, విలువల మీద సంఘం కడతాం, తీర్మానాలు రాస్తాం, ప్రమాణాలు చేస్తాం అని ఉత్సాహపడేవాళ్లు ముందు కొన్ని మోటు పనులు చేయాలి. లెక్కల పుస్తకం అందరికీ తెరిచి పెట్టండి. మీ నియమం వల్ల ఎక్కువ పోగొట్టుకునేది ఎవరో పేర్లతో సహా రాయండి, ఆ జాబితాలో మీ పేరు ఎక్కడుందో చూసుకోండి. డ్యూటీ వల్లో, పిల్లల వల్లో, భయం వల్లో మీటింగ్‌కి రాలేనివాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారో తేల్చండి. ఇవి కుదిరాక ప్రమాణాలు ఎన్నైనా చేయించుకోండి, నేనూ వచ్చి చెయ్యెత్తుతాను.