తిరుగుతూనే ఉన్న చక్రం గారికి, విజయనగరం నుంచి

విజయనగరం, గంటస్తంభం దగ్గర,
ఒక కిరాణా కొట్టు మెట్టు మీద నుంచి.

ఫోనుతో డబ్బు కట్టినప్పుడు తెర మీద తిరిగే మహారాజశ్రీ ప్రాసెసింగ్ చక్రం గారి దివ్యసముఖానికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. తమరి విషయంలో మాత్రం ఆ ఉభయుల లెక్క తేలడం లేదు. కొన్నవాడి ఖాతాలో 240 రూపాయలు కట్ అయ్యాయి. అమ్మినవాడి ఖాతాలో పడలేదు. ఆ 240 ఏ ఊళ్ళో, ఎవరింట్లో కుశలంగా ఉన్నాయో తమరే సెలవివ్వాలి.

ఈరోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకి మొదలైన తమరి ప్రదక్షిణ ఒకటిన్నరకి కూడా ఆగలేదు. కందిపప్పూ బెల్లమూ సంచిలో ఉన్నాయి. సంచి కొట్టాయన చేతిలో ఉంది. "పడ్నేదు బాబూ" అని ఆయన. "కటైపోనాయి కదేటి" అని ఇటునుంచి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధమాడేవాడు ఒక్కడూ లేకుండా తగువు పెట్టడం ఒక్క తమరికే చెల్లింది.

తిరగడం అంటే ఏమిటో మా ఊరికి తెలియదనుకోకండి. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మూడంటే మూడే. అంత జనంలో, అంత పొడుగు మాను, దాని చివర పూజారి గారు కూర్చుని ఉండగా, మూడో తిరుగుడుతో పని పూర్తి. అరటిపళ్ళు విసిరినవాళ్ళు విసిరి ఇళ్ళకు పోతారు. అటు అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది ఏడాదికి రెండు దఫాలు, మార్చిలోనూ అక్టోబరులోనూ. వాటికైనా తేదీలుంటాయి, తెల్లారకముందే వెళ్ళి నిలబడతాం. తమరికి లెక్కా లేదు, తేదీ లేదు. "కొంత సమయం పట్టవచ్చు" అట. కొంత అంటే ఎంతండీ? పప్పు ఉడికేంతా, కంది పండేంతా?

తమరి వెనకాల ఏం జరుగుతుందో తెలియక వచ్చిన కోపం కాదిది, తెలిసి వచ్చినది. గోడకి అంటించిన స్కానర్లో ఉండేది కొట్టాయన యూపీఐ ఐడీ, పేరు, ఇంకో నాలుగు ముక్కలు. ఎంత కట్టాలో అందులో ఉండదు కాబట్టి 240 అని మనమే కొడతాం. పిన్ నొక్కగానే ఆ కబురు తాళం వేసుకుని, యూపీఐ నడిపే ఎన్పీసీఐ వారి స్విచ్చికి, అంటే బ్యాంకుల మధ్య కబుర్లు మోసే కంప్యూటరుకి, పోతుంది. స్విచ్చి మన బ్యాంకుని "తియ్యి" అంటుంది. మన బ్యాంకు తీసి "తీశాను" అంటుంది. (తియ్యడంలో ఏ బ్యాంకూ ఆలస్యం చెయ్యదు, అది వేరే సంగతి.) అప్పుడు స్విచ్చి అవతలి బ్యాంకుని "వెయ్యి" అంటుంది. ఆ బ్యాంకు వేసి "వేశాను" అనాలి. గడువులోగా ఆ ఒక్క మాట రాకపోతే తమరి అవతారం మొదలవుతుంది.

వేసి చెప్పడం మరిచిందా, అసలు వెయ్యలేదా? స్విచ్చికి తెలియదు. తెలియకుండా డబ్బు వెనక్కి ఇచ్చేస్తే, అవతల నిజంగా పడి ఉంటే, ఒకే 240 రెండు ఖాతాల్లో కూర్చుంటాయి. అందుకని లెక్కలు సరిచూసుకునేదాకా ఆపుతారు. సబబే. ఇంతవరకూ తమరితో మాకు పేచీ లేదు.

పేచీ అంతా తిరగడం దగ్గర.

2025 ఆగస్టు నుంచి రూలేమిటంటే, ఆగిపోయిన లావాదేవీ ఏమైందని యాప్ మూడుసార్లే అడగాలి, ఒక్కోసారికీ మధ్య కొంత ఎడం ఉండాలి. ఊరందరి ఫోన్లూ ఒకేసారి "ఏమైంది, ఏమైంది" అని అరిస్తే స్విచ్చి కూలబడుతుందని ఈ కట్టడి. బాగానే ఉంది. మరి ఆ మూడూ అయిపోయాక తమరు తిరిగేది ఎందుకు? వెనకాల ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. ఎవరూ ఏ ఖాతా తెరిచి చూడడం లేదు. గానుగలో గింజలు లేవు, ఎద్దు మాత్రం నడుస్తోంది. దాన్ని చూస్తూ కొన్నవాడు ఫోను పట్టుకుని నిలబడతాడు, పనేదో జరుగుతోందని. "మాకు తెలియదు, సాయంత్రం చూసుకో" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. తెలియదు అని చెప్పడానికి అంత నామోషీ ఏమిటి మీకు?

ఆ నామోషీ ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. పచ్చ టిక్కు, మొత్తం, పేరుతో సహా దొంగ స్క్రీను చూపించే నకిలీ యాప్‌లు వచ్చిపడ్డాక కొట్టాయన ఫోను స్క్రీనుని నమ్మడం మానేశాడు. అది ఆయన తప్పు కాదు. ఆయన నమ్మేది కౌంటరు మీద మాట్లాడే డబ్బాని. కానీ ఆ డబ్బాలో విడిగా ఒక సిమ్ ఉంటుంది, దాని సిగ్నలు దానిది. మా పాత బజారు కొట్ల గోడలు మందం. డబ్బాని తీసుకెళ్ళి బియ్యం బస్తాల వెనక పెడితే, డబ్బు పడ్డా అది నోరు విప్పదు. గుమ్మం వైపు రెండడుగులు జరిపితే సగం తగువులు తగ్గుతాయి. చార్జింగ్ వైరు ఎలుక కొరికిందో లేదో రోజూ ఓసారి చూసుకుంటే ఇంకొన్ని తగ్గుతాయి.

డబ్బా మౌనవ్రతంలో ఉన్నప్పుడు చూడాల్సింది 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీ గుర్తు సంఖ్య. యాప్‌లో హిస్టరీ తెరిచి, ఆ లావాదేవీ మీద నొక్కితే కింద ఉంటుంది. కొట్టాయన దాన్ని బ్యాంకు మెసేజీల్లో వెతుకుతాడు, దొరకదు. చాలా దుకాణాల స్కానర్లకి బేరం బేరానికీ బ్యాంకు మెసేజీ రాదు, రోజు మొత్తం కలిపి ఒక్కసారి జమ అవుతుంది. వెతకాల్సింది దుకాణదారు యాప్‌లోని లావాదేవీల వరసలో. అది ఆయన కొడుకు ఫోన్లో ఉంటుంది. కొడుకు కాలేజీలో ఉంటాడు. సాయంత్రం అయిదింటికి వస్తాడు.

ఈలోగా అందరూ చేసే తప్పు ఒకటుంది: రెండోసారి కొట్టడం. రెండోది చిటికెలో వెళ్ళిపోతుంది, తమరు అప్పుడు తిరగనే తిరగరు. సాయంత్రానికి మొదటిది కూడా పడుతుంది. అప్పుడిక ఆ రెండో 240 వెనక్కి రాబట్టడం బ్యాంకుల మధ్య పంచాయితీ కాదు, కొట్టాయన మంచితనానికి పరీక్ష. "వచ్చే నెల సరుకుల్లో సర్దీస్తాన్లెండి" అంటాడు. సర్దుతాడు కూడా, పాపం, గుర్తుంటే. తొందరుంటే నోటు ఇచ్చి, ఆ యూటీఆర్‌ని ఆయన ఖాతా పుస్తకంలో రాయించాలి. చీటీ మీద రాస్తే ఆ చీటీలోనే రేపు ఎవరికో జీలకర్ర పొట్లం కట్టి ఇస్తారు.

గడువులు లేవని కాదు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికి వెనక్కి రావాలి. కొట్లో కట్టినదైతే అయిదు రోజుల్లో రావాలి. ఆ పైన ప్రతి రోజుకీ 100 రూపాయలు, అడగకుండానే ఖాతాదారుకి జమ చెయ్యాలి. ముందు యాప్‌లో ఫిర్యాదు, తర్వాత బ్యాంకుకి, నెలరోజుల్లో తేలకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి. ఈ వందలు కూడబెట్టి మేడ కట్టినవాడు మా కోట జంక్షన్ చుట్టుపక్కల ఇంకా తగల్లేదు.

తమరు ప్రత్యేకంగా విజృంభించే ముహూర్తాలు కూడా మాకు కంఠతా వచ్చేశాయి: జీతాల రోజు, అర్ధరాత్రి బ్యాంకులు రోజు లెక్క కట్టేవేళ, సిరిమాను పండగనాడు ఒక్క టవరు కింద ఊరూ చుట్టుపక్కల పల్లెలూ చేరినప్పుడు. అలాంటప్పుడు యాప్‌లోనే చిన్న పర్సులా ఉండే యూపీఐ లైటు కొంత నయం. అందులో 5000 దాకా వేసుకోవచ్చు, ఒక్కో బేరానికి 1000 వరకూ పిన్ అక్కర్లేదు, టీ నీళ్ళకి కూడా ప్రతిసారీ బ్యాంకు పెద్ద సర్వరు తలుపు తట్టే పని ఉండదు. యాప్ తీసేసేముందు మాత్రం లైటు ఆపి, మిగిలింది ఖాతాలోకి మళ్ళించుకోవాలి. ఎవరూ మళ్ళించుకోరు.

ఇక తమరి బంధువర్గం. పది రూపాయలు కట్టినవాడికి గీకమని కార్డు ఇచ్చి, గీకితే ఎప్పుడూ వినని కంపెనీ షాంపూ మీద తగ్గింపు చూపించే పెద్దమనిషికి ఒక దండం. బ్యాలెన్సు 63 రూపాయలున్నవాడికి "మీకు లక్ష అప్పు సిద్ధం" అనే మహానుభావుడికి రెండు. సరిగ్గా క్యూలో మన వంతు వచ్చినప్పుడే అప్‌డేట్ అడిగే వారికి దండాలు కూడా దండగ.

ఏమాటకామాటే. రాత్రి పదింటికి హైదరాబాదులో సెంట్రింగు పని దిగిన కుర్రాడు ఇచ్ఛాపురం పక్కన పల్లెలో ఉన్న అమ్మకి రెండువేలు పంపితే, అన్నం కలిపే లోపు పడిపోతున్నాయి. మనియార్డరు కాలంలో నూటికి అయిదు రూపాయలు కమిషన్, వారం ఎదురుచూపు, పైన పోస్టుమాన్ గారి టీ ఖర్చులు. చిల్లర లేదని చేతిలో చాక్లెట్టు పెట్టే రోజులు కూడా మీ ధర్మమా అని పోయాయి. అది కాదనం. 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో కరెంటూ లేదు, టవరూ లేదు. ఆ రోజుల్లో కొబ్బరినీళ్ళకైనా కొవ్వొత్తికైనా నోటే పలికింది. ఆ అనుభవమున్న జిల్లాల్లో ఫోను కవరు వెనక ఓ రెండొందల నోటు మడిచిపెట్టుకోవడం పాతకాలపు చాదస్తం కాదు. ఈరోజు ఆ నోటు లేదు, మొన్న ఆటోకి పోయింది. అదీ మీ ధైర్యం చూసుకునే. పెద్ద ధైర్యం మీది!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, తిరగొద్దు. పడితే పడిందను, పోతే పోయిందను, తెలియకపోతే తెలియదను. ఎండలో మనిషిని నిలబెట్టి మొహం మీద గిరగిరా తిరగొద్దు. ఒళ్ళు మండుతోంది.

ఇట్లు,
తమరి పెండింగు ఖాతాదారు

తా.క.: రెండింటికి ఏటీఎం దాకా నడిచివెళ్ళి, నోట్లు తెచ్చి, ఇంకో 240 చేతికిచ్చి సంచి విడిపించడమైనది. రాత్రి తొమ్మిదీ నలభైకి, షట్టరు దించి తాళం వేసి కొట్టాయన వెళ్ళిపోయాక, లోపల్నుంచి డబ్బా గట్టిగా అరిచిందట, "రెండు వందల నలభై రూపాయలు వచ్చాయి" అని. విన్నది పక్క పాన్‌షాపాయన ఒక్కడే. రేపు పొద్దున్న సాక్షిగా రమ్మంటే, "బేరాలు టైములో నానెక్కడికొస్తాను బాబూ" అంటున్నాడు.