ఔషధశాల మనది, మందు ఢాకాది

ప్రపంచానికి మందులు అందించేది మనమేనని చెప్పుకోని వేదిక లేదు, చెప్పని మంత్రి లేడు. కొన్నాళ్లు ఆ మాట ఆపితే బాగుంటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి రోగుల ఊపిరి నిలబెట్టే మందును చవగ్గా తయారుచేసి ఇస్తామని 2025 అక్టోబరులో అమెరికాలోని సియాటిల్‌లో ఈ జబ్బు మీద జరిగిన సదస్సు వేళ ముందుకొచ్చింది హైదరాబాద్ కంపెనీ కాదు, అహ్మదాబాద్ కంపెనీ కాదు. ఢాకాకు చెందిన బెక్సిమ్కో. పెద్దవారికి ఏడాదికి 12,750 డాలర్లు, పిల్లలకు అందులో సగం. ట్రైకాఫ్టా పేరుతో ఇదే మందుకు అమెరికా కంపెనీ వెర్టెక్స్ 2019లో అమెరికాలో పెట్టిన ధర 3.11 లక్షల డాలర్లు. అప్పటి లెక్కలోనే రెండు కోట్ల రూపాయల పైమాట. బాగా వెనుకబడిన దేశాలకు మందుల పేటెంట్ల నుంచి 2033 దాకా మినహాయింపు ఉంది, ఆ జాబితాలో ఉన్నంతకాలం అది బంగ్లాదేశ్‌కూ వర్తిస్తుంది. మనకు లేదు, నిజమే. కానీ మన చట్టంలో అంతకన్నా పదునైన కత్తి ఉంది. ఒరలోంచి తీసేవాళ్లే లేరు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవాళ్ల జబ్బని, మనవాళ్లకు రాదని డాక్టర్లే చాలాకాలం అనుకున్నారు. ఆ భ్రమ ఇంకా పూర్తిగా వదల్లేదు. ఏడో క్రోమోజోమ్ మీదున్న ఒక జన్యువు దెబ్బతిని, కణాల్లో ఉప్పు, నీరు కదిలే దారి మూసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో కఫం బంకలా పేరుకుంటుంది. బిడ్డను ముద్దాడితే పెదాలకు ఉప్పగా తగులుతుంది. మే నెలలో పసివాడి నుదుటి మీద చెమట ఆరి తెల్లటి పొడి కనిపిస్తుంది. ఒంట్లోని ఉప్పంతా చెమటలో పోయి వాడు సోలిపోతే వడదెబ్బ అనుకుంటారు. దగ్గు తగ్గకపోతే ఉబ్బసం అంటారు, ఇంకా తగ్గకపోతే టీబీ మందులు మొదలుపెడతారు. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ ఉందో లేదో చూసే పరీక్షతో తేలిపోయే విషయానికి ఏళ్లు పడుతోంది. బ్రిటన్‌లో 2007 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఈ జబ్బుందేమో చూస్తున్నారు. మనకు అలాంటి జాతీయ కార్యక్రమమే లేదు.

జబ్బు తేలిన ఇంట్లో రోజు ఎలా మొదలవుతుందో ఫైళ్లు చూసే అధికారులు ఒక్కసారి వెళ్లి చూడాలి. తెల్లవారకముందే నెబ్యులైజర్ రొద. గాఢమైన ఉప్పునీటి ఆవిరి పట్టించి, పిల్లాణ్ని ఒడిలో బోర్లా వేసుకుని, అరచేతిని దొప్పలా చేసి తల్లి వీపు మీద తడుతూ ఉంటుంది. ఇటు కాసేపు, అటు కాసేపు. కఫం కదిలి బయటికి వచ్చేదాకా అంతే. సాయంత్రం మళ్లీ. తిన్నది అరగాలంటే తిన్న ప్రతిసారీ ఎంజైమ్ క్యాప్స్యూల్. స్కూలు బ్యాగులో పుస్తకాలతో పాటు ఉప్పు కలిపిన నీళ్ల సీసా. ఇన్ని చేసినా సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా ఒకసారి లోపల తిష్ట వేసిందంటే పోదు.

ఆ తర్వాత ఏదో ఒక మామూలు జలుబుతోనే ప్రమాదం ముంచుకొస్తుంది. ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో నిలిచిపోతుంది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత. రాత్రంతా దగ్గినవాడు తెల్లారేసరికి మత్తుగా పడుకుంటే కాస్త కుదుటపడ్డాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. శ్వాస వ్యవస్థ చేతులెత్తేస్తోందనడానికి ఆ మగతే గుర్తు కావచ్చు. అప్పుడు ఆక్సిజన్ ఎడాపెడా పెంచినా చేటే. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నవారికి రక్తంలో ఆక్సిజన్‌ను 88 నుంచి 92 శాతం మధ్య ఉంచి, మాస్కు ద్వారా ఊపిరికి ఊతమిచ్చే బైపాప్ యంత్రం పెట్టి, యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కించి, కఫం తీయిస్తూ గట్టెక్కించాలని డాక్టర్లు చూస్తారు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్‌కు తగిలించాల్సి వస్తే తిరిగి విడిపించడం మహా కష్టం. ఆపైన మిగిలేది ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే. ఈ దశకు చేరకుండా ఆపేదే ఆ ట్రైకాఫ్టా మందు. జన్యులోపంతో వంకర పోయిన ప్రొటీన్‌ను సరిచేసి, కఫాన్ని మూలంలోనే పలచబరుస్తుంది.

పరిశోధనకు వేల కోట్లు ఖర్చవుతాయని, పేటెంట్లు తోసేస్తే రేపు కొత్త మందులు రావని కంపెనీల వాదన. తక్కువ ఆదాయ దేశాల్లో కొందరికి ఉచితంగానే ఇస్తున్నామనీ అంటారు. ఈ మందు బాగా పనిచేసే జన్యుమార్పు మనవారిలో పాశ్చాత్యుల్లో కన్నా తక్కువన్నదీ వాస్తవమే. సరే. ఈ పరిశోధనకు తొలి పెట్టుబడి ఎవరిది? రోగుల కుటుంబాలు, దాతలు నడిపించిన అమెరికా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్‌ది. 2014లో ఆ ఫౌండేషన్ తన రాయల్టీ హక్కుల్ని 330 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. 2024లో ఈ ఒక్క మందు అమ్మకాలే వెయ్యి కోట్ల డాలర్లు దాటాయి. తయారీకి ఒక్కో రోగికి ఏడాదికి 5,700 డాలర్లు చాలని 2022లో పరిశోధకులు లెక్కగట్టారు. పెట్టిన ఖర్చు ఇంకా తిరిగి రాలేదని ఎవరైనా అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మా కోపం కంపెనీ మీదకన్నా ఢిల్లీ మీదే ఎక్కువ. పేటెంట్ ఇచ్చి మూడేళ్లయినా మందు అందుబాటు ధరకు దొరక్కపోతే, లేదా ఈ దేశంలో ఆ పేటెంట్ అమలే కాకపోతే, వేరేవాళ్లు తయారుచేసుకునేందుకు కంపల్సరీ లైసెన్సు ఇవ్వొచ్చని పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. 92, 100 సెక్షన్ల కింద ప్రభుత్వమే చొరవ తీసుకోవచ్చు. ఇది కాగితాల మీది కబురు కాదు. 2012 మార్చిలో మన హైదరాబాద్ నాట్కోకు బేయర్ క్యాన్సర్ మందు మీద అలాంటి లైసెన్సు ఇచ్చారు. నెలకు 2.80 లక్షల రూపాయల మందు 8,880కి దిగింది. అదే మొదటిది, అదే ఆఖరిది. ఆ తర్వాత హైదరాబాద్‌దే లీ ఫార్మా షుగర్ మందు కోసం అడిగితే 2016లో కుదరదన్నారు. లైసెన్సు లేకపోయినా కోర్టుల్లో పోరాడి నాట్కో 2025 అక్టోబరులో కండరాలు క్షీణించే జన్యువ్యాధి ఎస్‌ఎంఏకు వాడే రిస్డిప్లామ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆరు లక్షలకు పైగా ఉన్న సీసా 15,900కి వచ్చింది. ఢాకా ప్రకటన కూడా అదే నెలలో. తయారుచేసే సత్తా మన ఊళ్లోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు జబ్బు ఈ రెండు నాలుకల తీరు. 2020లో కోవిడ్ మందులు, టీకాల మీద పేటెంట్లు పక్కన పెట్టాలని దక్షిణాఫ్రికాతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో గట్టిగా అడిగింది మన ప్రభుత్వమే. 2021 మేలో కంపల్సరీ లైసెన్సు అధికారాన్ని ఇంట్లో వాడండని సుప్రీంకోర్టులో మాట వస్తే, ఈ దశలో వాడితే బెడిసికొడుతుందని అఫిడవిట్ వేసిందీ ఆ ప్రభుత్వమే. జెనీవాలో ఒక మాట, ఢిల్లీలో మరో మాట. అరుదైన వ్యాధుల విధానమూ ఇదే బాణీ. 2021 నాటి ఆ విధానం సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను, చికిత్స ఉన్నా అది బాగా ఖరీదైన జబ్బుల మూడో వర్గంలో చేర్చింది, సాయం పరిమితిని 2022లో 50 లక్షలకు పెంచారు. వెర్టెక్స్ ధరకు ఆ డబ్బుతో మూడు నెలల మందు కూడా రాదు. జీవితాంతం మింగాల్సిన మందు ఇది! ధర దించే అధికారం చేతిలో పెట్టుకుని చందా ఇచ్చినట్టు ఇవ్వడం ఎవరి మేలుకు?

రాష్ట్రాలూ తప్పించుకోలేవు. మన ఆరోగ్య బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రి మంచం ఎక్కాకే కదులుతాయి. ఐసీయూ బిల్లుకు దారి చూపి, ఆ ఐసీయూ అవసరం రాకుండా చేసే ఎంజైములను, నెబ్యులైజర్ మందులను, ఫిజియోథెరపీని కుటుంబాల నెత్తిన వదిలేస్తే ఎలా?

2023లో భారత్ సహా నాలుగు దేశాల్లో బాధిత కుటుంబాలు ఈ పేటెంట్లపై తమ ప్రభుత్వాల తలుపు తట్టాయి. మన దగ్గర ఆ విజ్ఞప్తి ఏ బల్ల మీద ఉందో, దాని మీద ఏం రాశారో వాణిజ్య శాఖ బయటపెట్టాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో ఆ తల్లులకు రాతపూర్వకంగా చెప్పండి. ఈలోగా ‘ప్రపంచ ఔషధశాల’ బోర్డు దించి గోడకు ఆనించి పెట్టండి. లైసెన్సు మీద సంతకం చేసిన రోజున మళ్లీ తగిలించుకుందురుగాని.