మొక్కకు మినహాయింపు ఎందుకు?

షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిసినవారి భయం మీద వ్యాపారం జోరుగా సాగుతోంది. కర్క్యుమిన్, బెర్బెరిన్, రెస్వెరాట్రాల్, క్వెర్సెటిన్ వంటి మొక్కల పదార్థాలు... సీసాలో ఏది ఉన్నా పైన రాసే మాట ఒక్కటే: కిడ్నీలకు రక్షణ, సైడ్ ఎఫెక్టులు లేవు. ఆధారం అడిగితే ఎక్కువగా ఎలుకల ప్రయోగాలే చూపిస్తారు. స్ట్రెప్టోజోటోసిన్ ఇంజెక్షన్‌తో షుగర్ తెప్పించిన ఎలుకకు మూత్రంలో పోయే అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే బయటికి పోయే ప్రోటీన్) తగ్గింది. మంచిదే. ఏళ్ల తరబడి షుగర్, బీపీలతో నలిగిన మనిషి కిడ్నీకీ అంతే మేలు జరుగుతుందని ఎవరు తేల్చారు?

మొక్కల్లో మందు లేదని మేము అనడం లేదు. ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి 1835లో వేరుచేసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం, రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపిస్తుంది. కానీ మింగితే చాలావరకు పేగుల్లోనే విరిగిపోతుంది. దాని నిర్మాణాన్ని మార్చగా మార్చగా గ్లిఫ్లోజిన్ అనే రకం షుగర్ మాత్రలు వచ్చాయి. వాటిలో ఒకటైన కెనాగ్లిఫ్లోజిన్‌ను 4,401 మంది షుగర్ రోగులపై పరీక్షించిన క్రెడెన్స్ ట్రయల్ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కిడ్నీలు పూర్తిగా చెడిపోవడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం వంటి ముప్పు మొత్తంగా 30 శాతం తగ్గింది. ఆ మాత్రకు మినహాయింపు ఇవ్వలేదు. పరీక్ష పెట్టారు, నెగ్గింది.

అన్నీ నెగ్గవు. ఎన్నో మొక్కల్లో ఉండే ఒలియానోలిక్ యాసిడ్ ఆధారంగా చేసిన బార్డాక్సోలోన్ అనే మందుతో కిడ్నీ రిపోర్టులు ఎంతో బాగా కనిపించాయి. తీరా పెద్ద ట్రయల్‌లో హార్ట్ ఫెయిల్యూర్ కేసులు పెరగడంతో 2012లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. పరీక్ష పెట్టబట్టే ఆ ప్రమాదం బయటపడింది. పెట్టకపోతే ఏమవుతుందో 1990లలో బెల్జియం చూసింది. సన్నబడటానికి ఇచ్చిన మూలికల్లో అరిస్టోలోకిక్ యాసిడ్ ఉండటంతో వందమందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. అదీ మొక్క నుంచి వచ్చిందే.

పేటెంటు దొరకని మొక్క మీద కంపెనీలు డబ్బు పెట్టవన్న వాదనలో నిజముంది. అలాగైతే ప్రభుత్వాలు పెట్టాలి, ట్రయల్స్ జరిపించాలి. అంతేగానీ పరీక్షకు డబ్బుల్లేవని పరీక్షే ఎత్తేస్తారా? మాత్ర గురించి వంద ప్రశ్నలు అడిగేవారు పొడి డబ్బా దగ్గర ఒక్క ప్రశ్నా అడగరేం? కిడ్నీలను కాపాడేందుకు డాక్టర్లు ఇచ్చే బీపీ మాత్ర లోసార్టాన్ ఆపేసి ఈ క్యాప్సూల్ వేసుకోండని రోగికి చెప్పే అధికారం అమ్మేవాడికి ఎవరిచ్చారు? మనుషులపై జరిగిన పరీక్ష ఫలితాన్ని సీసా మీద అచ్చు వేయండి. అది లేకపోతే ‘కిడ్నీలకు రక్షణ’ అన్న మాట ఈరోజే తీసేయండి.