బయాలజీ ట్యూటర్ గురించి ఆ 'ఏడు సూత్రాలు' నమ్మకండి

కాలేజీలు తెరిచే రోజులు వస్తే చాలు, ఈ మెసేజ్ మళ్లీ లేస్తుంది. "నీట్‌లో సీటు కావాలా? బయాలజీ ట్యూటర్‌ని ఎంచుకునే 7 సూత్రాలు. ఒక సీనియర్ డాక్టర్ గారి అనుభవం. బైపీసీ పిల్లలున్న ప్రతి ఇంటికీ పంపండి." కింద దండం పెట్టే బొమ్మలు. ఏ డాక్టరో, ఏ ఊరో ఎక్కడా ఉండదు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి కాలేజీ స్టాఫ్ గ్రూపులో కూడా ఒకాయన పెట్టాడు. పంపేవాళ్లది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అది చదివిన తల్లిదండ్రులు ఫోన్ చేసి "సార్, మీరు లైన్ టు లైన్ బట్టీ పట్టిస్తారా?" అని అడుగుతుంటే ఇక ఊరుకోలేకపోతున్నాను.

నేను హనుమకొండలో జువాలజీ లెక్చరర్‌ని. సాయంత్రాలు ట్యూషన్లు చెప్తాను. అంటే ఈ విషయంలో నా లాభం కూడా ఉంది. అది తెలిసే చదవండి.

మెసేజ్ చెప్పేవి క్లుప్తంగా ఇవీ: బయాలజీ అంటే బట్టీ, కాబట్టి బట్టీ పట్టించే ట్యూటర్ చాలు. ఎంబీబీఎస్ చదివినవాళ్ల దగ్గరే చెప్పించాలి. తెల్లవారుజామున నాలుగింటికే క్లాసు పెట్టించాలి. ఇంగ్లీషులోనే చెప్పాలి. ఏడాది ఫీజు ముందే కట్టేయాలి. గది తలుపు వేసి పిల్లల్ని ట్యూటర్‌కి అప్పగించి తల్లిదండ్రులు పక్కకు తప్పుకోవాలి. ఇవేవీ కుదరకపోతే ట్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు, ఫోన్లో వీడియోలు చాలు.

నాలుగింటి సంగతి ముందు తేల్చేద్దాం. పిల్ల నిద్రపోవాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్‌లో కూర్చున్న పిల్లను నాలుగింటికి లేపి మొక్కల హార్మోన్లు చెప్తే ఎక్కదు.

ఇంగ్లీషు మాట కూడా అంతే. నీట్ పేపర్ 13 భాషల్లో వస్తుంది, అందులో తెలుగూ ఉంది. పేపర్ ఇంగ్లీషులో రాసే పిల్లకైనా, పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదువుకుని ఉంటే, మొదట విషయం తెలుగులో బుర్రకెక్కాలి. తర్వాత పుస్తకంలో పేరా చూపిస్తే తనే చదువుకుంటుంది. ట్యూటర్ ఇంగ్లీషు ఎంత ధారాళంగా ఉందో చూసి మురిసిపోయే తల్లిదండ్రులు ఒక్కసారి పిల్ల మొహం వైపు కూడా చూడండి.

ఇక మొదటి సూత్రం. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. "బయాలజీలో అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ లైన్ టు లైన్ అప్పజెప్పించుకునే ట్యూటర్ దొరికితే 360కి 340 గ్యారంటీ."

పోయినేడు ఒక సెకండియర్ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. అంతకుముందు సరిగ్గా ఇలాంటి ట్యూటర్ దగ్గరే చదివింది. పుస్తకం ఆ అమ్మాయి నోట్లో ఉంది. కణ చక్రం (ఒక కణం పెరిగి రెండుగా విడిపోయే క్రమం) చెప్పమంటే ఎక్కడా తడుముకోకుండా చెప్పింది: ఎస్ దశలో డీఎన్ఏ పరిమాణం 2సీ నుంచి 4సీ, అంటే రెట్టింపు, అవుతుంది, క్రోమోజోముల సంఖ్య మాత్రం పెరగదు. బాగుంది. వెంటనే ఇంకో ప్రశ్న అడిగాను. ఉల్లి వేరు కొనలో ఒక కణానికి, ఎస్ దశకు ముందుండే జీ1 దశలో, 16 క్రోమోజోములున్నాయి, ఎస్ దశ అయ్యాక ఎన్ని ఉంటాయి?

"32, సార్."

పెరగదు అని అంతకు ముందు నిమిషమే తన నోటితో చెప్పింది. ఆ వాక్యానికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని ఆ అమ్మాయికి తట్టలేదు. తట్టేలా ఎవరూ చెప్పలేదు కదా! ఏడాది పాటు ఒక మనిషి డబ్బు తీసుకుని ఆ పిల్ల ఎదురుగా కూర్చుని పుస్తకం మూయించి అప్పజెప్పించుకున్నాడు. ఒక్కసారి కూడా "అంటే ఏంటి?" అని అడగలేదు.

దీనికి పెద్ద విద్య అక్కర్లేదు. రెండు దారప్పోగులు పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక ముడి వేయించాను. పోగులు కాదు, ముడులు లెక్కపెట్టమన్నాను. పోగులు రెండు, ముడి ఒక్కటే. పోగులు డీఎన్ఏ నకళ్లు, వాటిని కలిపి పట్టుకునే ముడి సెంట్రోమియర్. క్రోమోజోముల్ని లెక్కపెట్టేది ఆ సెంట్రోమియర్‌ని బట్టి. అందుకే ఎస్ దశలో డీఎన్ఏ రెట్టింపైనా లెక్క 16 దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ముడిని మధ్యకు కత్తిరించి పోగుల్ని చెరో వైపుకు లాగమన్నాను. ఆ అమ్మాయి చేతిలో పోగులు చూసుకుంటూ కాసేపు ఊరుకుని, తనే అడిగింది: "అయితే అనాఫేజ్‌లో ఉల్లి కణంలో 32 ఉంటాయా సార్?" ఉంటాయి. అనాఫేజ్ అంటే ముడి తెగి పోగులు చెరో వైపుకు వెళ్లే దశే. ఆ ప్రశ్న తనంతట తను అడిగిన క్షణం నుంచి ఆ పాఠం తనది.

జన్యుశాస్త్రంలోనూ ఇదే గొడవ. రక్తం గ్రూపుల టేబుల్ అందరికీ కంఠతా వస్తుంది. తండ్రిది ఏ గ్రూపు, తల్లిది బి గ్రూపు, మొదటి బిడ్డది ఓ గ్రూపు అయితే రెండో బిడ్డకు ఏబీ గ్రూపు వచ్చే అవకాశం ఎంత? ఓ బిడ్డ పుట్టిందంటే తల్లిదండ్రులిద్దరి దగ్గరా బయటికి కనిపించని 'ఓ' యుగ్మవికల్పం (ఆ జన్యువు రూపాల్లో ఒకటి) ఉండాలి. అది పట్టుకుంటే జవాబు నాలుగింట ఒక వంతు అని అర నిమిషంలో వస్తుంది. పట్టుకోకపోతే టేబుల్ ఎన్నిసార్లు అప్పజెప్పినా రాదు. హార్డీ-వీన్‌బర్గ్ లెక్కలు, హృదయ స్పందన లెక్కలు, ఆక్సిజన్ వియోజన వక్రరేఖ ఎటు జరుగుతుందనే ప్రశ్నలు, అన్నీ ఇంతే. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. బయాలజీ ఎంత త్వరగా ముగిస్తే ఫిజిక్స్‌కి అంత టైమ్ మిగులుతుంది. అర్థం కానిది గుర్తు తెచ్చుకోవడానికి పట్టే టైమ్ ఎవరు లెక్కేస్తున్నారు? తప్పు పెడితే రావలసిన నాలుగూ పోయి, ఇంకొకటి కోత.

ఎన్‌సీఈఆర్‌టీ వదిలేయమని నేను చెప్పడం లేదు. స్టేట్‌మెంట్ ప్రశ్నలు ఆ వాక్యాల్లోంచే వస్తాయి. జంతురాజ్యంలో ఉదాహరణలు, శాస్త్రీయ నామాలు గుర్తుపెట్టుకోక తప్పదు. కానీ ఆ పని పిల్ల ఒంటరిగా చేసుకోగలదు, లేదా అక్క చేతికి పుస్తకం ఇచ్చి చేసుకోగలదు. దానికి నెలనెలా ఎవరికో వేలు పోయడం దేనికి? పుస్తకం పట్టుకుని కూర్చోవడమే ట్యూటర్ పని అయితే మీరే కూర్చోండి, డబ్బు మిగులుతుంది.

ఎంబీబీఎస్ సూత్రానికి వద్దాం. పేపర్లో బయాలజీ ప్రశ్నల్లో దాదాపు సగం బోటనీవే. మెడికల్ కాలేజీలో కిరణజన్య సంయోగక్రియ చెప్పరు, సీ4 మొక్కల ఆకు లోపలి నిర్మాణం చెప్పరు, ఆవరణ శాస్త్రంలో జనాభా పెరుగుదల వక్రరేఖలు చెప్పరు. ఇరవయ్యేళ్లుగా ప్రాక్టీసులో ఉన్న డాక్టరు గారికి అవి గుర్తుంటాయని ఎలా అనుకుంటున్నారు? రోగిని చూడటం వేరు, పదహారేళ్ల పిల్లకు ఎక్కడ అర్థం కాలేదో పట్టుకోవడం వేరు.

మొదటి, రెండో ఏడాది మెడికల్ స్టూడెంట్ల సంగతి మాత్రం వేరు. వాళ్లు ఈ మధ్యే పరీక్ష రాసినవాళ్లు. ఏ ప్రశ్న వదిలేయాలి, ఓఎంఆర్ (జవాబుల షీట్) ఎప్పుడు నింపాలి అనేది నాకంటే వాళ్లే బాగా చెప్తారు. మానవ శరీరధర్మశాస్త్రం కొందరు అద్భుతంగా చెప్తారు. నా దగ్గరి పిల్లల్నే గ్రాండ్ టెస్టుల సీజన్‌లో అలాంటివాళ్ల దగ్గరికి పంపిస్తుంటాను. చిక్కల్లా వాళ్లకు ఇంటర్నల్స్ (కాలేజీ పరీక్షలు) వచ్చినప్పుడు మీ పిల్ల క్లాసు ఆగిపోతుంది. అది ముందే మాట్లాడుకోవాలి.

అసలు అడగాల్సిన ప్రశ్న మెసేజ్‌లో లేనే లేదు. మన దగ్గర ఇంటర్‌లో బోటనీ చెప్పేవాళ్లు వేరు, జువాలజీ చెప్పేవాళ్లు వేరు. "బయాలజీ ట్యూటర్" అని బోర్డు పెట్టుకున్న మనిషి పీజీ ఏదో ఒకదాంట్లోనే చేసి ఉంటాడు. రెండోది సాధారణంగా బలహీనమే, నాతో సహా. అందుకే ఎవరి దగ్గర చెప్పించాలి అనే ముందు, మీ పిల్లకు ఏది రావడం లేదో చూడండి. నా దగ్గరికి బోటనీ కోసం వస్తే బోటనీ మేడమ్ నంబర్ ఇచ్చి పంపిస్తాను.

ఇంకో చిన్న పరీక్ష కూడా పెట్టొచ్చు. 2023 అక్టోబర్‌లో జాతీయ వైద్య కమిషన్ నీట్ సిలబస్ మార్చింది. జీర్ణక్రియ, ఖనిజ పోషణ లాంటివి తీసేశారు. మీరు మాట్లాడుతున్న ట్యూటర్‌ని ఏవేవి తీసేశారో అడగండి. తడుముకుంటే, పాత మెటీరియల్‌తోనే బండి లాగిస్తున్నాడన్నమాట. బోర్డు పరీక్షకు బోర్డు సిలబస్ వేరుగా చూసుకోవాలని తనంతట తను చెప్తే, ఆ మనిషి పని తెలిసినవాడు.

"ఏడాది ఫీజు ముందే కడితే ట్యూటర్ బాధ్యతగా చెప్తాడు." ఇది రాసిన మనిషి ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చి పని చేయించుకున్నాడా ఎప్పుడైనా? 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు గ్యారంటీ ఇవ్వకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కకట్టి పది రోజుల్లో వెనక్కివ్వాలి అని అందులో ఉంది. కానీ అవి 50 మందికి పైగా పిల్లలున్న సెంటర్లకే. మీ ఇంటికొచ్చి చెప్పే ఒంటరి ట్యూటర్ ఆ లెక్కలోకి రాడు. ముందే ఇచ్చింది వెనక్కి తెచ్చుకోవాలంటే ఆయన మంచితనమే దిక్కు. నెల నెలా ఇవ్వండి. అడ్వాన్స్ లేకపోతే రానన్నవాడిని రావద్దనండి.

ఆరో సూత్రం చదివినప్పుడల్లా నా చేతులు వణుకుతాయి. "గది తలుపు వేసి పూర్తి నమ్మకంతో అప్పగించండి. మధ్యలో వెళ్లి చూడటం టీచర్‌ని అవమానించడమే."

ఇలాంటిది ఊరంతా పంచుతున్నారు, ఎవరూ ఆగి ఆలోచించడం లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లని, అమ్మాయైనా అబ్బాయైనా, మీకు పరిచయమై నెల కూడా కాని మనిషితో మూసిన గదిలో గంటలకొద్దీ ఉంచమంటున్నారు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో తెచ్చింది ఎందుకో తెలియదా? తెలిసిన మనుషులు, నమ్మిన మనుషులు చేసే దారుణాల గురించి రోజూ పేపర్లో చదువుతూనే ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నారా? క్లాసు హాల్లో పెట్టండి. తలుపు తీసి ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు ఉండాలి. ట్యూటర్ ఇంటికే పంపేటట్లయితే మీరు ఒకసారి వెళ్లి ఆ గది చూసి రండి. ఆన్‌లైన్ అయితే స్పీకర్ పెట్టి చెప్పించండి, పిల్లకు విడిగా మెసేజ్‌లు పెట్టొద్దని మొదటిరోజే చెప్పండి. ఇంతకుముందు ఆ ట్యూటర్ దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడండి. పిల్ల "ఆ సార్ దగ్గరికి వెళ్లను" అంటే చదువు ఎగ్గొట్టడానికి అంటుందని అనుకోకండి, ఆ రోజుకి క్లాసు ఆపేసి కూర్చుని అడగండి. ఇందులో ఏ టీచరుకూ అవమానం లేదు. నేను టీచర్‌ని, నాకు లేదు. అవమానంగా అనిపించినవాడు మీ ఇంటికి రాకపోవడమే మంచిది.

డెమో క్లాసు గురించి మెసేజ్ ఒక్క మాటా చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. డెమోలో ట్యూటర్ ఎంత బాగా మాట్లాడాడో చూడకండి. మీ పిల్ల ఈ మధ్య తప్పు పెట్టిన ఒక ప్రశ్న ఇవ్వండి. వెంటనే సరైన జవాబు చెప్పి ముందుకెళ్లిపోతే వద్దు. "నువ్వు ఈ ఆప్షన్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగి, చెప్పేదాకా ఆగితే, ఆయనకు డిగ్రీ ఏదైనా సరే, మాట్లాడుకోండి.

మిగిలింది ఏడోది: ట్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు, వీడియోలు చాలు. ట్యూషన్ల మీద బతికే నేను ఒప్పుకోవాల్సింది ఇదొక్కటే. నిజం. చాలామంది పిల్లలకు విడిగా బయాలజీ ట్యూటర్ అక్కర్లేదు. ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ అనే ఆన్‌లైన్ వేదికలో నీట్ క్లాసులు ఉచితం. తెలంగాణ ప్రభుత్వ చానల్ టీ-శాట్‌లో తెలుగులో పాఠాలు వస్తాయి. హాస్టల్లో ఉదయం నుంచి రాత్రి దాకా క్లాసులున్న పిల్లకు ఇంకో ట్యూటర్‌ని తగిలిస్తే మిగిలిన ఆ కాస్త చదువుకునే టైమ్ కూడా పోతుంది.

మీ పిల్లకు అవసరమా కాదా తెలుసుకోవాలంటే ఈమధ్య రాసిన వీకెండ్ టెస్టు పేపర్లు ముందేసుకుని, తప్పు పోయిన బయాలజీ ప్రశ్నల్ని పిల్లతో కలిసి మూడుగా విడదీయండి. చదవనే లేదు కాబట్టి పోయినవి, చదివి మర్చిపోయినవి, చదివినా తప్పుగా అర్థమైనవి. మొదటి రకానికి కావాల్సింది టైమ్‌టేబుల్. రెండో రకానికి రివిజన్. ట్యూటర్ పనికొచ్చేది మూడో రకానికే. ఆ మూడో రకం ప్రశ్నలన్నీ ఒకటి రెండు పాఠాల్లోనే ఉంటే ఆ పాఠాలకు మాత్రం చెప్పించుకుని ఆపేయండి. అన్ని పాఠాల్లోనూ ఉంటే అప్పుడు ట్యూటర్‌ని వెతకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లని కూడా ముందు ఆ పేపర్లు తెమ్మంటాను.